బుజ్జికి, కోటు సంగతి

చి. బుజ్జికి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ అంతా క్షేమం. అమ్మ మోకాలి నొప్పి మామూలే.

అమ్మకు నువ్వు పంపిన ఫోటో చూశాను. నేల మీద పేపర్ ప్యాటర్న్, పక్కన ఆకుపచ్చ ఉన్ని గుడ్డ. గుడ్డ బాగుంది. ఒకప్పుడు మన షాపుకొచ్చే ఖరీదైన సూటు గుడ్డల అంచు మీద ‘మేడిన్ హడ్డర్స్‌ఫీల్డ్’ అని నేసి ఉండేది. అది ఇంగ్లండులో మీ లీడ్స్ పక్కనేనట, శేషు చెప్పాడు. ఫోటో మంగళవారం తీసినట్టుంది, కిటికీలోంచి ఎండ పడుతోంది. సెలవు పెట్టావా?

గుడ్డని అప్పుడే కోసెయ్యకు. ముందు తడి గుడ్డ పరిచి ఆవిరి పట్టు, ముడుచుకునేదేదో ముందే ముడుచుకుంటుంది. ఇస్త్రీపెట్టెను లాగకూడదు, ఎత్తి ఎత్తి పెట్టాలి. పూర్తిగా ఆరాకే కత్తెర పట్టు. తాత దగ్గర నేను పని నేర్చుకునే రోజుల్లో ఒక లెక్చరర్ గారు ఢిల్లీ చలికని ఉన్ని కోటు కుట్టించుకున్నారు. కాలరు లోపల కాన్వాసు తాత చేత్తోనే కుట్టాడు. మనిషి వెళ్ళొచ్చాడు, కోటు బ్రహ్మాండం అన్నాడు. తర్వాత వాళ్ళింట్లో పనిమనిషి దాన్ని వేడి నీళ్ళలో నానబెట్టి, సబ్బు రుద్ది, బండకేసి బాదింది. ఉన్ని వెంట్రుక మీద చేపకున్నట్టు సన్నటి పొలుసులుంటాయి. వేడి, సబ్బు, బాదుడు తగిలితే అవి ఒకదాంట్లో ఒకటి ఇరుక్కుని గుడ్డ ముడుచుకుపోతుంది, మళ్ళీ సాగదు. కోటు పట్టుకుని ఆయన తాతతో పోట్లాటకొచ్చాడు. తాత ఏమీ మాట్లాడకుండా దాన్ని ఆయన పక్కనున్న మనవడికి తొడిగాడు. సరిగ్గా సరిపోయింది! ఆ పిల్లాడు స్కూలు నాటకంలో దొర వేషానికి అదే వేసుకున్నాడు.

ప్యాటర్న్ మీద పోగు దిశ చూపే బాణం గుర్తు గుడ్డ అంచుకి సమాంతరంగా ఉండాలి. గుడ్డ మందం కాబట్టి మడతపెట్టి కోస్తే కింది పొర పక్కకి జరిగిపోతుంది, ఒంటి పొర మీదే కోయి. సూది పదహారో నంబరు. లైనింగుకి వీపు మధ్యలో అంగుళం మడత వదులు, లేకపోతే చేతులు ముందుకు చాపినప్పుడు పట్టేస్తుంది. కచ్చాకుట్టు వేసి, తొడుక్కుని చూశాకే మిషనెక్కించు. కాగితం కోసిన కత్తెర గుడ్డకి వాడకు. చిన్నప్పుడూ ఇదే చెప్పాను, వినలేదు.

రమణి వాళ్ళబ్బాయి ఏదో అన్నాడట, నువ్వీమధ్య ఆఫీసు వైపు కనపడటం లేదని. వాడి మాటలకేం గానీ, ఉద్యోగాలు వస్తుంటాయి, పోతుంటాయి. షాపు మూసినప్పుడు మనం బతకలేదా? చెప్పకుండా ఉండటమే మంచిది కాదు. ఖర్చు చూసుకో, అన్నం మానకు, రాత్రి పన్నెండింటి దాకా మిషను దగ్గర కూర్చోకు. ఈ చలికాలం ఎలాగూ కోటు కావాలి, కుట్టుకోవడం మంచి పనే.

స్వెటర్ వేసుకుని, దాని మీద నుంచి కొలుచుకుని ఛాతీ, భుజం, చంక కొలతలు పంపు. చంక దగ్గర ప్యాటర్నులో ఎంత మార్చాలో చెబుతాను. మెసేజ్ వద్దు, ఫోన్ చెయ్యి. నీకు మధ్యాహ్నమైతే మాకు సాయంత్రం, నేను ఖాళీయే. ఆఫీసులో ఉంటే ఆదివారం చెయ్యి.

లైనింగుకీ గుండీలకీ అని నీ అకౌంట్లో యాభై వేలు వేశాను. మిగిలితే దగ్గర ఉంచుకో, వెనక్కి పంపకు. అమ్మకు తెలియదు.

నాన్న