పార్కు కట్టే ముందు చెప్పే మనిషిని పెట్టండి

సంపాదకుల వారికి నమస్కారం.

హైదరాబాద్‌కు ప్రపంచస్థాయి థీమ్ పార్కు రావాలని ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. అలాంటిది ఒకటి చూసొచ్చాను కాబట్టి నాకు తోచింది రాస్తున్నాను. ముప్పై ఏళ్లు ప్రభుత్వ బడుల్లో సాంఘికశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. మొన్న వేసవిలో అమెరికాలో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్తే, మనవడితో పాటు నన్నూ ఫ్లోరిడాలోని ఎప్‌కాట్‌కు తీసుకెళ్లింది.

1982లో తెరిచిన డిస్నీ వాళ్ల పార్కు అది. ఒక వైపు సైన్సు, మరో వైపు ప్రపంచ దేశాలు. గేటు దగ్గరే, నేల నుంచి కొస దాకా 180 అడుగుల ఎత్తుండే పెద్ద గోళం ఉంటుంది. వాన పడితే ఆ నీళ్లు కింద నడిచే జనం మీద పడవు. పలకల సందుల్లోంచి లోపలికి దిగి, అక్కడి సరస్సులోకి పోయేలా కట్టారు. ఇంకోచోట పడవ ఎక్కించి గ్రీన్‌హౌస్‌ల మధ్యగా తిప్పుతారు. మట్టి లేదు. మొక్కల వేళ్లు గాల్లో వేలాడుతుంటే వాటి మీద నీళ్లు చిమ్ముతున్నారు. అక్కడ కాసిన కూరగాయలు ఆ పార్కు హోటళ్లలోనే వండుతారట.

సరస్సు చుట్టూ పదకొండు దేశాల పేరిట కట్టిన ప్రదర్శన భవనాలు. మన దేశం లేదు. "అమ్మమ్మా, మనది ఎక్కడ?" అని మనవడు అడిగితే మనసు చివుక్కుమంది. నార్వే దగ్గర ఒక అమ్మాయి నిలబడి ఉంది. గుండెల మీద బ్యాడ్జీలో ఆమె పేరూ, సొంత ఊరి పేరూ: ట్రోమ్సో. మా ఊళ్లో చలికాలంలో దాదాపు రెండు నెలలు సూర్యుడు రాడంది. ఎందుకు రాడని వీడు అడిగాడు. ఆ పిల్ల పిడికిలి బిగించి, కాస్త వంచి, రెండో చేతిని సూర్యుడిగా పెట్టి తిప్పి చూపించింది. భూమి అక్షం 23.5 డిగ్రీలు వంగి ఉంటుందని నేను ఏళ్ల తరబడి చెప్పిన పాఠం వాడికి ఒక్క నిమిషంలో అర్థమైంది. ఆ పార్కులో నాకు అన్నిటికంటే నచ్చింది ఆ పిడికిలే.

అలాంటి చోటికి వెళ్లాలంటే మనిషికి వంద డాలర్లు దాటిన టికెట్ కొనాలి. మన దగ్గర ఏం లేదని? పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ విత్తన నిధిలో జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ లాంటి పంటల రకాలు లక్షకు పైగా దాచారు. అవి తినే ఇళ్ల పిల్లలకు ఆ సంగతి తెలియదు. హబ్సిగూడలో జీవకణాల మీద పరిశోధన చేసే సీసీఎంబీ ఉంది. ఏటా సెప్టెంబరులో జనం చూడ్డానికి తలుపులు తీస్తారు, అది ఒకటి రెండు రోజుల ముచ్చట. బిర్లా మ్యూజియంలోని రాక్షసబల్లి అస్థిపంజరం మన గోదావరి లోయలో, యామన్‌పల్లి దగ్గర దొరికింది. శాస్త్రవేత్తలు పెట్టిన పేరులోనే ఆ ఊరుంది.

ప్రపంచ దేశాలంటారా, అవి మన బస్తీల్లోనే ఉన్నాయి. నిజాం సైన్యంలో చేరిన యెమెన్ అరబ్బుల వారసులు బార్కస్‌లో ఉన్నారు. ఏసీ గార్డ్స్ అంటే ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అని అక్కడ బస్సు దిగేవాళ్లలో ఎందరికి తెలుసు? మూసారాంబాగ్ పేరు రేమండ్ అనే ఫ్రెంచి సైనికాధికారి నుంచి వచ్చింది. సాలార్‌జంగ్ మ్యూజియంలో జపాన్, చైనా, యూరప్ వస్తువులకు గదులే ఉన్నాయి.

తిరిగొచ్చాక మా వీధి పిల్లలు నలుగురిని నగరంలోని ఇంకో ప్రదర్శనశాలకు తీసుకెళ్లాను. పేరు అనవసరం. నాలుగు బటన్లు నొక్కితే ఒక్కటే పనిచేసింది. మిగతావాటి మీద అంటించిన "మరమ్మతులో ఉంది" కాగితాలు పసుపురంగుకు తిరిగాయి. బోర్డుల మీద తెలుగు లేదు. ఏదో ప్రభుత్వ బడి నుంచి వచ్చిన పిల్లల్ని వరుసలో నిలబెట్టి "నడవండి, నడవండి" అంటున్నారు. ఒక లోలకం ముందు ఆగి మా పిల్లలకు రెండు మాటలు చెప్పాను. వరుసలోంచి ఓ అమ్మాయి వచ్చి నిలబడింది, తర్వాత ఇంకో ఇద్దరు, చూస్తుండగానే పదిహేను మందయ్యారు. వాళ్ల సారు కూడా వచ్చి విన్నారు.

వందల ఎకరాల్లో కొత్త పార్కు వద్దని నేను అనను. అది వచ్చేదాకా ఈ పిల్లలు ఆగలేరు కదా. ఉన్న ప్రదర్శనశాలల్లో తెలుగు, ఉర్దూ బోర్డులు పెట్టాలి. డిగ్రీ, పీజీ విద్యార్థులకు నెలకింత స్టైపెండ్ ఇచ్చి, గదికొకరిని వివరించేందుకు నిలబెట్టాలి. పరిశోధన సంస్థలు నెలకు ఒక శనివారమైనా బడులకు తలుపులు తీయాలి. బార్కస్ నుంచి సాలార్‌జంగ్ దాకా పిల్లల్ని తిప్పడానికి ఒక బస్సు చాలు. విద్యాశాఖ, పర్యాటక శాఖ కలిసి కూర్చుంటే ఈ ఏడాదే మొదలుపెట్టొచ్చు.

చెప్పేవాళ్లు దొరకరన్న టెన్షన్ అక్కర్లేదు. నాలాంటి రిటైరైన టీచర్లు ఈ నగరంలో చాలామంది ఉన్నాం. పిలిస్తే వారానికి రెండు రోజులు నేను జీతం లేకుండా వస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
మల్కాజిగిరి, హైదరాబాద్