కోలుకున్నవాళ్లకు ఓపీ వరండాలో ఒక కుర్చీ వేయండి

సంపాదకులకు నమస్కారం.

మానసిక ఆరోగ్యం గురించి మీ పత్రికలో వచ్చే వ్యాసాలు వదలకుండా చదువుతాను. డాక్టర్లు రాస్తారు, సైకాలజిస్టులు రాస్తారు, ఒక్కోసారి అధికారులు మాట్లాడతారు. జబ్బు వచ్చి, మందులు వాడుతూ, మళ్లీ పనిలో పడ్డవాళ్ల మాట మాత్రం ఎక్కడా కనిపించదు. నేను ఆ కోవకు చెందినదాన్ని. గోపాలపట్నంలో టైలరింగ్ షాపు నడుపుతున్నాను. నాకు స్కిజోఫ్రెనియా ఉంది, అంటే ఎవరూ లేకపోయినా గొంతులు వినిపించడం, లేనిపోని అనుమానాలు రావడం లాంటివి ఉండే మానసిక జబ్బు. డిగ్రీ చదువుతున్నప్పుడు మొదలైంది, ఇప్పుడు వయసు యాభై దాటింది. మన జిల్లా అధికారులను ఒక్కటే అడగాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. కోలుకున్నవాళ్లను మానసిక వైద్య బృందాల్లోకి తీసుకోండి. శిక్షణ ఇచ్చి, జీతం ఇచ్చి తీసుకోండి.

దీన్ని పీర్ సపోర్ట్ అంటున్నారు. ఆ జబ్బును అనుభవించినవాళ్లు, ఇప్పుడు అందులో ఉన్నవాళ్లకు తోడుగా ఉండటం. డాక్టరు చేసే పని డాక్టరే చేస్తారు. మందు, మాత్ర జోలికి మేం పోం. మా పని ఎక్కడుందో చెప్పాలంటే డిశ్చార్జి రోజు సంగతి చెప్పాలి.

ఆసుపత్రిలో ఉన్నంతకాలం చుట్టూ ఎవరో ఒకరు ఉంటారు. ఇంటికి పంపేటప్పుడు చేతిలో మందుల కవరు పెడతారు, చీటీ మీద మళ్లీ రావాల్సిన తేదీ వేస్తారు. ఆ తేదీ వచ్చేదాకా ఉన్న రోజులకు ఎవరూ లేరు. వీధిలోకి రాగానే పక్కింటావిడ "ఇన్నాళ్లూ కనబడలేదేంటమ్మా?" అంటుంది. ఏం చెప్పాలి? మందుల మత్తుకి పొద్దెక్కినా కళ్లు తెరుచుకోవు, ఇంట్లోవాళ్లు దాన్ని బద్ధకం అంటారు. గట్టిగా నవ్వితే అనుమానం, మాట్లాడకుండా కూర్చుంటే అనుమానం. నేను మాత్ర వేసుకున్నాక మా అమ్మ నోరు తెరిపించి నాలుక కింద చూసేది. ఆవిడ భయం ఆవిడది. కానీ ఆ భయం ఎలా తగ్గించుకోవాలో ఆవిడకు చెప్పినవాళ్లు లేరు, ఆ చూపుని ఎలా తట్టుకోవాలో నాకు చెప్పినవాళ్లూ లేరు.

ఆ ఖాళీలోకి చుట్టాల సలహాలు వచ్చి పడతాయి. "ఓ పెళ్లి చేసేయండి, అన్నీ అవే సర్దుకుంటాయి" అన్నారు. చేశారు. అవతలివాళ్లకు జబ్బు సంగతి చెప్పలేదు. ఎవరైనా చూస్తారని మాత్రలు నాతో పంపలేదు. ఏడాది తిరక్కుండా పుట్టింటికి వచ్చేశాను, మళ్లీ ఆసుపత్రిలో చేరాను. ఇప్పటికీ ఇదే సలహా ఇస్తున్నారని నాకు తెలుసు, ఎందుకంటే ఈ జబ్బు ఉన్నవాళ్ల ఇళ్లకు నేను వెళ్తున్నాను. పెళ్లితో జబ్బు నయం కాదని డాక్టర్లు చెబితే తలూపి ఊరుకుంటారు. నేను ఎదురుగా కూర్చుని నా సంగతి చెబితే ఆ తల్లిదండ్రులు ఆలోచనలో పడటం కళ్లారా చూశాను.

నన్ను మళ్లీ మనుషుల్లోకి తెచ్చింది ఒక పళ్ల వ్యాపారి. పూర్ణామార్కెట్‌లో పళ్లు అమ్మేది. ఓపీ దగ్గర బల్ల మీద నా పక్కన కూర్చుని, నా చేతిలో చీటీ చూసి, తన చీటీ చూపించింది. ఇద్దరివీ ఒకే మాత్రలు. "నాకూ ఇనబడతాయి తల్లీ, ఇప్పటికీ ఇనబడతాయి. బేరం కాడ మాత్రం ఆటి మాట ఇన్ను" అంది. అప్పటిదాకా నాకు గొంతులు పూర్తిగా ఆగిపోతేనే బతుకు మొదలవుతుందనుకునేదాన్ని. గొంతులు వినిపిస్తుండగానే పళ్లు తూచి, చిల్లర లెక్కపెట్టి, పిల్లల్ని బడికి పంపే మనిషిని ఆ రోజే చూశాను. కుట్టు మిషను మీద దుమ్ము దులిపింది ఆ తర్వాతే. ఆవిడకు ఎవరూ శిక్షణ ఇవ్వలేదు, ఎవరూ అక్కడ కూర్చోబెట్టలేదు. ఆ రోజు ఆవిడ వేరే బల్ల మీద కూర్చుని ఉంటే నా సంగతి ఏమయ్యేదో. ఇంత ముఖ్యమైన సాయాన్ని అదృష్టానికి వదిలేయడం నాకు అన్యాయం అనిపిస్తుంది.

ఆవిడ చేసినదే నేనూ చేతనైనంత చేస్తున్నాను. పెందుర్తి వైపు ఒక కుర్రాడు పాలిటెక్నిక్ మధ్యలో ఆపేసి ఇంట్లో ఉన్నాడు. మాత్రలు మానేశాడని, మొండివాడని ఇంట్లోవాళ్ల బాధ. అతనితో రెండు మూడుసార్లు మామూలు మాటలు మాట్లాడాక, రాత్రి నిద్రలో చొంగ కారి దిండంతా తడిసిపోతోందని, తమ్ముడు నవ్వుతున్నాడని చెప్పాడు. అదీ అసలు కారణం. ఓపీలో వెనక జనం నిలబడి ఉంటే, నాన్న పక్కనే ఉంటే, ఇరవై ఏళ్ల కుర్రాడు ఆ మాట డాక్టరుకి ఎలా చెబుతాడు? నాకూ కొన్నాళ్లు అలాగే అయ్యేదని, దిండు మీద తువ్వాలు పరుచుకునేదాన్నని చెప్పాను. అది మందు వల్ల వచ్చేదే, డాక్టరుకి చెబితే దారి ఉంటుంది అన్నాను. తర్వాతిసారి అతనే నోరు తెరిచి చెప్పాడు. డాక్టరుగారు మందు మార్చారు. ఇప్పుడు వేసుకుంటున్నాడు. చదువు సంగతి ఇంకా తేలలేదు.

గాజువాకలో ఒకావిడకు బైపోలార్, అంటే కొన్నాళ్లు విపరీతమైన హుషారు, కొన్నాళ్లు తీవ్రమైన దిగులు ఉండే జబ్బు. ఆవిడతో నా పని ఎక్కువగా కాగితాలతోనే గడిచింది. వైకల్య సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపు, దానికి స్లాటు, ఆధార్‌లో పేరు తప్పు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో ఉన్న 21 రకాల వైకల్యాల్లో మానసిక అనారోగ్యం కూడా ఒకటని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. 2024 జులై నుంచి మన రాష్ట్రంలో వికలాంగుల పింఛను 3,000 నుంచి 6,000 రూపాయలైంది. అర్హత ఉన్న ఇంటికి అది చిన్న మొత్తం కాదు. అయితే ఆవిడ నాతో అన్న మాట కూడా రాయాలి. "పింఛను ఇప్పిస్తున్నారు సరే, నన్ను పనిలోకి ఎవరైనా పిలుస్తారా అక్కా?" అంది. దానికి నా దగ్గర ఉన్న జవాబు మా షాపులో కాజాలు, హుక్కులు కుట్టే పని. అదే ఇచ్చాను.

ఇలాంటి పనికి చోటు కల్పించడం ప్రభుత్వానికి కొత్త కాదు. హెచ్ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్లకు వెళ్లి చూడండి. అక్కడ కేర్ కోఆర్డినేటర్ ఉద్యోగం హెచ్ఐవీతో జీవిస్తున్నవాళ్లకే ఇవ్వాలని పెట్టుకున్నారు. కొత్తగా వచ్చినవాళ్లతో మాట్లాడటానికి, మందులు మానేసినవాళ్లను వెతికి తీసుకురావడానికి వాళ్లే సరైనవాళ్లని ఎప్పుడో గుర్తించారు. మానసిక వైద్యం దగ్గరికి వచ్చేసరికి ఆ నమ్మకం ఏమైంది? జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం 1996లో మొదలైంది. అందులో సైకియాట్రిస్టు, సైకాలజిస్టు, సోషల్ వర్కరు, నర్సు ఉంటారు. అందరూ కావలసినవాళ్లే. మాలాంటివాళ్లకు మాత్రం పేషెంటు వరస తప్ప ఇంకో చోటు లేదు.

చట్టం మాత్రం మమ్మల్ని నమ్మింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. పేషెంట్ల ఫిర్యాదులు వినే రివ్యూ బోర్డులో జిల్లా జడ్జి స్థాయి అధ్యక్షుడితో పాటు ఇద్దరు సభ్యుల స్థానాలు ఈ జబ్బుతో ఉన్నవాళ్లకు, వాళ్లను చూసుకునేవాళ్లకు, ఈ రంగంలో పనిచేసే సంస్థలవాళ్లకు కేటాయించారు. జడ్జి పక్కన కూర్చోవడానికి పనికొచ్చేవాళ్లు ఓపీ వరండాలో కూర్చోవడానికి పనికిరారా? అదే చట్టం 19వ సెక్షన్ ఇంకో మాట చెబుతుంది. ఇంటివాళ్లు రానివ్వలేదనో, ఊళ్లో వసతి లేదనో ఎవరినీ ఆసుపత్రిలోనే ఉంచేయకూడదు, సమాజంలో బతికే హక్కు వాళ్లకు ఉంది అని. సమాజంలో బతకడం ఎలాగో నేర్పడానికి, అలా బతుకుతున్నవాళ్ల కంటే ఎవరు కావాలి?

మా మేనకోడలు ఆంధ్రా యూనివర్సిటీలో చదువుకుంది, ఇలాంటివన్నీ చదివి నాకు చెబుతుంది. బెంగళూరులోని జాతీయ మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ వాళ్లు 2015-16లో చేసిన జాతీయ సర్వేలో పెద్దవాళ్లలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉన్నట్టు తేలింది. జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి వైద్యం అందడం లేదు. ఆ సర్వే చేసిన 12 రాష్ట్రాల్లో మన ఆంధ్రప్రదేశ్ లేదు, అది నాకు బాధగా ఉంది. పీర్ సపోర్ట్ మీద ఇంగ్లండ్‌లో చేసిన ఒక పరిశోధన 2018లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. జబ్బు ముదిరినప్పుడు అత్యవసరంగా చూసే బృందాల వైద్యం నుంచి బయటికి వచ్చినవాళ్లకు పీర్ వర్కరు తోడుగా ఉంటే ఏడాదిలో 29 శాతం మంది మళ్లీ అత్యవసర వైద్యంలో చేరాల్సి వచ్చింది, తోడు లేనివాళ్లలో 38 శాతం మంది. నాలుగేళ్ల తర్వాత అక్కడే చేసిన మరో పెద్ద పరీక్షలో మళ్లీ చేరడంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. రెండూ చెప్పమంది మా మేనకోడలు, చెప్పాను. ఆసుపత్రికి వెళ్లే సంఖ్య ఒక్కటే చూస్తే మా పని సగమే కనిపిస్తుంది. ఆశ, ధైర్యం, మళ్లీ వీధిలోకి రావడం, వీటి మీద ఫలితాలు మెరుగ్గా ఉన్నాయని చాలా పరిశోధనలు చెబుతున్నాయి. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సముదాయ మానసిక సేవల గురించి ఇచ్చిన మార్గదర్శకాల్లో పీర్ సపోర్ట్‌కి ప్రత్యేకంగా చోటిచ్చింది.

"వాళ్లకే మళ్లీ జబ్బు తిరగబెడితే?" అని అడుగుతారు. తిరగబెట్టవచ్చు. షుగరు ఉన్న నర్సుకు ఒంట్లో బాగోకపోతే సెలవిస్తారు, మళ్లీ పనిలోకి రానిస్తారు. మాకూ అంతే ఇవ్వండి. నా గుర్తులు నాకు తెలుసు. షాపులో అద్దం వెనక కాగితం మీద రాసి అంటించుకున్నాను. నిద్ర తగ్గడం, తీసిన కొలతే మళ్లీ మళ్లీ తీయడం, పక్క షాపువాళ్లు నా గురించే గుసగుసలాడుతున్నారనిపించడం. మూడోదాకా రానివ్వకుండా మొదటి రెండింటికే డాక్టరు దగ్గరికి వెళ్తాను. మా దగ్గర పనిచేసే అమ్మాయికి కూడా ఆ కాగితం చూపించాను, నేను గమనించకపోతే తను చెబుతుంది. ఇలాంటి కాగితం రాసుకోవడం నేర్పించడమే పీర్ వర్కరు పనిలో సగం.

హద్దులు కూడా గట్టిగా ఉండాలి. డోసు తగ్గించమనో పెంచమనో మేం చెప్పకూడదు. ఒకరి ఇంటి సంగతి ఇంకో ఇంట్లో మాట్లాడకూడదు. చనిపోవాలనిపిస్తోందని ఎవరైనా చెబితే మాత్రం మన మధ్యే ఉంచుతానని మాట ఇవ్వకూడదు, ఆ రోజే బృందానికి చెప్పాలి. రాత్రివేళ అయితే మానసిక సమస్యలకు ఫోనులో సాయం చేసే ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416 ఉంది, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. ఇవన్నీ శిక్షణలో నేర్పాలి. వారానికి ఒకసారైనా సోషల్ వర్కరు దగ్గర కూర్చుని, ఆ వారం విన్నవన్నీ దించుకునే వీలుండాలి. అది లేకుండా పంపిస్తే మనిషి తట్టుకోలేడు, నేను అనుభవంతో చెబుతున్నాను.

జీతం గురించి. ఇది సేవ కదా, ఉచితంగా చేయొచ్చు కదా అని పెద్దవాళ్లే అంటున్నారు. పెళ్లిళ్ల సీజన్‌లో మిషను ఆపి బస్సెక్కితే ఆ రోజు జాకెట్ల డబ్బు పోతుంది. నాకు సొంత షాపు ఉంది కాబట్టి సర్దుకుంటున్నాను. ఆ పళ్ల వ్యాపారి సర్దుకోలేదు, గాజువాక ఆవిడ అసలు సర్దుకోలేదు. ఉచితంగా చేయమంటే ఈ పనికి బాగా సరిపోయేవాళ్లే దూరమవుతారు. అలాగని నర్సు పోస్టు ఖాళీ ఉంటే దాంట్లో మమ్మల్ని తక్కువ డబ్బుకి కూర్చోబెట్టడమూ వద్దు. నర్సులు కావాలి, మేమూ కావాలి.

ఒక్క చోట మొదలుపెట్టమని నా కోరిక. విశాఖలోని చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాలకు శ్రీకాకుళం, విజయనగరం, పాడేరు వైపు నుంచి కూడా వస్తారు. అక్కడి ఓపీ వరండాలో ఒక కుర్చీ, ఒక బల్ల, ఆడవాళ్లకు ఒకరు, మగవాళ్లకు ఒకరు. డిశ్చార్జి అయ్యేవాళ్లను ఇంటికి వెళ్లేముందే వాళ్లు కలవాలి, మొదటి కొన్ని వారాలు ఫోను చేయాలి, ఊళ్లో ఉన్నవాళ్లయితే ఇంటికి వెళ్లాలి. ఏజెన్సీ నుంచి వచ్చినవాళ్లకు వాళ్ల భాష, వాళ్ల దారి తెలిసిన మనిషి కావాలి, దానికి పాడేరులోనే ఒకరిని తయారు చేయాలి. ఏడాది నడిపి, ఏం జరిగిందో లెక్క రాసి ప్రజల ముందు పెట్టండి. నేను రావడానికి సిద్ధం. రాగలిగినవాళ్లు ఈ ఊళ్లో ఇంకా ఉన్నారు.

నా పేరు వేయవద్దని మనవి. ఇవన్నీ చదివి చెప్పిన మేనకోడలికి సంబంధాలు చూస్తున్నారు. పేరు వేయించుకో అత్తా అని అదే అంటోంది, మా వదిన వద్దంటోంది. ఆ ఇంటి నిర్ణయం వాళ్లదే. అధికారులెవరైనా మాట్లాడాలనుకుంటే నా చిరునామా, ఫోను నంబరు మీకు విడిగా రాసి పంపాను, ఇవ్వండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
గోపాలపట్నం, విశాఖపట్నం.