‘మెత్తగా పెట్టండి’ అంటే ఎంత మెత్తగా?

సంపాదకుడు గారికి,

పక్షవాతం వచ్చిన మనిషిని ఇంటికి పంపేటప్పుడు డిశ్చార్జి కాగితంలో ఆహారం అన్నచోట చాలాసార్లు రెండే మాటలుంటాయి: ‘సాఫ్ట్ డైట్’. ఇంట్లోవాళ్లు ‘అంటే ఏం పెట్టాలండీ?’ అని అడిగితే ‘మెత్తగా, జావలా పెట్టండమ్మా’ అని జవాబు. ఒకరింట్లో జావ గ్లాసులో నీళ్లలా కదులుతుంది, పక్కింట్లో చెంచా గుచ్చితే నిలబడుతుంది. రెండూ జావే. మందును మిల్లీగ్రాముల్లో రాస్తాం గానీ, మింగడమే కష్టమైన మనిషికి తిండి చిక్కదనాన్ని మాత్రం అందాజుకు వదిలేస్తున్నాం.

పక్షవాతం వచ్చిన తొలిరోజుల్లో దాదాపు సగం మందికి మింగడంలో ఎంతో కొంత ఇబ్బంది ఉంటుంది. నీళ్లు, పలచని మజ్జిగ, కొబ్బరినీళ్లు గొంతులోకి చప్పున జారిపోతాయి. శ్వాసనాళం మూసుకోవడం ఒక్క క్షణం ఆలస్యమైతే అటే పోతాయి. పొలమారితే తెలుస్తుంది. కొందరికి దగ్గు కూడా రాదు. తర్వాత జ్వరం, ఆయాసం, చివరికి నిమోనియా. కాబట్టి ‘దగ్గలేదుగా, బాగానే దిగింది’ అన్న మాటను నమ్మడానికి లేదు.

దీనికి ఇప్పుడో కొలత ఉంది. మింగడం కష్టమైనవారి ఆహారానికి ఒకే ప్రమాణం ఉండాలని వివిధ దేశాల నిపుణులు కలిసి 2013లో మొదలుపెట్టిన ఐడీడీఎస్ఐ పద్ధతి తాగేవాటినీ తినేవాటినీ 0 నుంచి 7 వరకు ఎనిమిది స్థాయులు చేసింది. 0 అంటే మంచినీళ్లు, 4 అంటే కుప్పగా నిలిచే నున్నని గుజ్జు, 7 మామూలు భోజనం. అంతకుముందు అమెరికాలో ‘తేనెలాంటి చిక్కదనం’ అని రాసేవారు. ఏ తేనె, ఏ కాలంలో తీసిన తేనె అంటే అక్కడా మన జావ కథే.

ద్రవాలను పరీక్షించడానికి కావలసింది 10 మి.లీ. సిరంజి, సెకన్ల ముల్లున్న గడియారం. సిరంజిలో తోసే కడ్డీ తీసేసి, కింది రంధ్రాన్ని వేలితో మూసి, 10 గీత దాకా ద్రవం పోయాలి. వేలు తీసి, సరిగ్గా 10 సెకన్లకు మళ్లీ మూయాలి. ఎంత మిగిలిందన్నదే లెక్క. 1 మి.లీ. కంటే తక్కువ మిగిలితే 0వ స్థాయి, 1 నుంచి 4 లోపు అయితే 1, 4 నుంచి 8 లోపు అయితే 2. కాస్త కారి, 8కి పైనే మిగిలితే 3. అసలు కారకపోతే ఫోర్కుతో తీసి చూడాలి: పైన కుప్పగా నిలిచి, పళ్ల సందుల్లోంచి ధార కట్టకుండా ఉంటే 4. అయితే అన్ని సిరంజీల గొట్టాలూ ఒకే పొడవుండవు. సున్నా గీత నుంచి 10 గీత దాకా 61.5 మి.మీ. ఉండాలి, సూదిని మర తిప్పి బిగించే రకం పనికిరాదు. స్కేలు పెట్టి చూసుకోకుండా చేతికందినది వాడితే పరీక్ష చేసీ చేయనట్టే.

మన వంటల దగ్గరకొచ్చేసరికి అసలు చిక్కులు మొదలవుతాయి. రాగిజావ పొయ్యి మీద ఒక స్థాయిలో ఉంటుంది, చల్లారేసరికి పిండిపదార్థం బిగిసి ఇంకో స్థాయికి పోతుంది. అందుకని తాగించే వేడిలోనే కొలవాలి. మొలకెత్తించి ఆరబెట్టి పట్టించిన రాగిపిండి అయితే కాగేటప్పుడే దానిలోని ఎంజైము పిండిని విరిచేస్తుంది. అదే కొలత పిండికి జావ పలచనవుతుంది. నోట్లో పెట్టిన చెంచాను మళ్లీ గిన్నెలో ముంచినా లాలాజలం అదే పని చేస్తుంది. మొదటి చెంచా సరైన చిక్కదనంతో ఉండి, పావుగంట తర్వాతి చెంచాకు పొలమారడానికి ఇదొక కారణం. కొద్దికొద్దిగా వేరే గిన్నెలోకి తీసుకుని తాగించాలి.

అన్నిటికంటే ఎక్కువ పొరపాటు చారన్నం దగ్గర. తేలిగ్గా దిగుతుందని ప్రేమగా పెడతారు. కానీ మెతుకు నమలాలి, చారు ఆగదు. మెతుకులు నలిగేలోపే చారు గొంతులో ఉంటుంది. సాంబారులో వేసిన ఇడ్లీ, పల్చటి మజ్జిగ పోసిన అన్నం, పాలలో రొట్టె, అన్నీ ఇంతే. 4వ స్థాయి రాసినవారికి బాగా ఉడికిన అన్నాన్ని ముద్దపప్పుతోనో గట్టి పెరుగుతోనో మిక్సీ పట్టి, పలుకులూ నీటి ఊటా లేకుండా ఇవ్వాలి. చెంచా వంచితే ముద్ద మొత్తం జారిపడాలి. చెంచాకు బంకలా పట్టుకుంటే గొంతులోనూ అలాగే పట్టుకుంటుంది. కొంచెం నెయ్యి, కొంచెం పప్పుతేట కలిపి మళ్లీ చూడాలి.

చిక్కదనం కుదిరినా సత్తువ కుదరాలిగా? 25 గ్రాముల రాగిపిండిని గ్లాసు నీళ్లలో కాస్తే వచ్చేది సుమారు 80 కేలరీలు, 1.8 గ్రాముల ప్రోటీన్. రోజుకు ఆరు గ్లాసులు పట్టినా ప్రోటీన్ 11 గ్రాములు దాటదు. జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫారసు కిలో బరువుకు 0.83 గ్రాములు, 60 కిలోల మనిషికి దాదాపు 50. నెల తిరిగేసరికి రోగి ఎముకలు తేలడానికి జబ్బొక్కటే కారణం కాదు. నీళ్లకు బదులు పాలు, పాలపొడి, మెత్తగా రుబ్బిన పెసరపప్పు, గుడ్డు కలిపితే చాలా వరకు పూడుతుంది. కలిపాక చిక్కదనం మారుతుంది కనుక మళ్లీ కొలవాలి.

ఎంత చిక్కగా ఉంటే అంత మంచిదనుకోవడమూ తప్పే. మరీ చిక్కనిది గొంతులో పేరుకుంటుంది. పైగా చిక్కబరిచిన నీళ్లు రుచించక రోగి తాగడం తగ్గించేస్తాడు. ఒంట్లో నీరు తగ్గుతుంది. రోజుకు ఎన్ని మి.లీ. లోపలికి వెళ్లిందో రాసిపెట్టాలి. ఏ స్థాయి ఇవ్వాలన్నది మింగుడును పరీక్షించిన స్పీచ్ థెరపిస్టో, అందులో శిక్షణ ఉన్న డాక్టరో తేల్చాలి తప్ప వంటింట్లో తేలేది కాదు. చాలామంది కొన్ని వారాల్లో కోలుకుంటారు కనుక ఆ అంకెను మళ్లీ మళ్లీ చూసి మార్చాలి కూడా.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో 528 ఆహార పదార్థాల పోషక విలువలు ప్రచురించింది. జావ, గంజి, ముద్దపప్పు, పెరుగన్నం ఏ వేడిలో ఏ స్థాయికి వస్తాయో చెప్పే పట్టిక కూడా ఆ సంస్థే తయారుచేస్తే రెండు రాష్ట్రాల డైటీషియన్లకూ పని తేలికవుతుంది. అంతవరకు ఆగాల్సిన పని లేనివి ఉన్నాయి. డిశ్చార్జి కాగితంలో ‘సాఫ్ట్’ బదులు అంకె రాయడం ఒకటి. ఇంటికి పంపే ముందు రోగికి తినిపించబోయే కోడలికో కొడుక్కో ఒక సిరంజి చేతికిచ్చి, వాళ్ల చేతనే ఒకసారి జావ కొలిపించడం ఇంకొకటి. దీనికి ఐదు నిమిషాలు పడుతుంది.

— ఒక ఆసుపత్రి డైటీషియన్, విశాఖపట్నం