క్షమాపణ సంగతి సరే, తలుపుల గురించి రాయండి

సంపాదకుడు గారికి,

జపాన్ రైళ్ల మీద మన పత్రికల్లో ఎవరు రాసినా ఆ 20 సెకన్ల కథ రావాల్సిందే. 2017 నవంబర్‌లో సుకుబా ఎక్స్‌ప్రెస్ రైలొకటి 20 సెకన్లు ముందే కదిలిందని కంపెనీ క్షమాపణ చెప్పిందట, అదీ క్రమశిక్షణంటే అని. మీ ఆదివారం వ్యాసంలోనూ అదే చదివాను. జరిగిందే, కాదనను. కానీ నేనుండేది టోక్యోలోని నిషికసాయిలో (మన దేశంవాళ్లు ఎక్కువగా కనిపించే పేట ఇదే), రోజూ పొద్దున తోజాయి అనే మెట్రో లైన్‌లో ఒతెమాచి స్టేషన్ దాకా నిలబడి వెళ్తాను, నేను చూసే రైలు వేరు.

ఇక్కడ రద్దీని కొలిచే లెక్క ఒకటుంది, పేపరువాళ్లు కాబట్టి మీకు నచ్చుతుంది. రైల్లో పట్టాల్సిన మందితో పోలిస్తే ఎంతమంది ఎక్కారన్నది శాతాల్లో చెప్తారు. 150 శాతమంటే పేపరు బార్లా తెరిచి చదువుకోవచ్చు, 180 అంటే మడిచి చదవాలి, 200 అంటే మనుషులు ఒకరికొకరు ఒత్తుకుపోతారు గానీ వారపత్రికైతే ఎలాగోలా చదవచ్చట. కరోనాకు ముందు 2019లో మా లైన్‌లో కిబా, మొంజెన్ నకాచో స్టేషన్ల మధ్య 199 శాతం. వారపత్రిక చదవచ్చని రాసినాయన ఈ రైలెక్కి ఉండడు, చెయ్యి పైకి లేస్తే కదా చదవడానికి! ఆ ఏడాది జనవరిలో జనాన్ని పెందలాడే బయల్దేరదీయడానికి, రోజుకి 2 వేల మంది ముందుగా వస్తే టెంపురా, రెండున్నర వేలైతే సోబా, 3 వేలైతే రెండూ ఉచితమని మెట్రోవాళ్లు ఆశపెట్టారు. టెంపురా అంటే మన బజ్జీ లాంటిదే అనుకోండి, సోబా అంటే నూడుల్స్.

ఇంత రద్దీలో రైలు టైముకి నడవాలంటే డ్రైవరు ఒక్కడి వల్ల కాదు, స్టేషన్లో ఆగిన ఆ కాసేపట్లో ఎంతమంది దిగి ఎంతమంది ఎక్కగలరన్న దాని మీదే అంతా ఉంది. అందుకే 20 మీటర్ల బోగీకి ఒక్కో వైపు నాలుగు తలుపులు పెడతారు. తోజాయిలో 1991 నుంచి కొన్ని రైళ్లకు 1.3 మీటర్ల తలుపుని 1.8 మీటర్లు చేశారు, సీట్లు తగ్గినా సరే అని. టోక్యో నడిబొడ్డు చుట్టూ తిరిగే యమనోతె లైన్‌లోనైతే ఆరు తలుపుల బోగీలు కూడా నడిపారు, పొద్దుటి రద్దీలో వాటిలో సీట్లన్నీ మడిచేసి అందర్నీ నిలబెట్టేవారు. తర్వాత ప్లాట్‌ఫామ్ అంచున గేట్లు పెట్టాల్సి వచ్చింది, దానికి అన్ని బోగీల తలుపులూ ఒకే లెక్కలో ఆగాలి, దాంతో 2011 కల్లా వాటిని తీసేశారు. అప్పటికీ రద్దీ వేళ రైళ్లు ఆలస్యమవుతాయి, ఆఫీసులో చూపించుకోవడానికి స్టేషన్లో చీటీ ఇస్తారు.

సెకన్లని పొగిడేటప్పుడు జపాన్‌లోనే జరిగిన అమగసాకి రైలు ప్రమాదం గురించి కూడా ఒక ముక్క రాయాల్సింది. 2005 ఏప్రిల్ 25న, నిమిషం పైచిలుకు ఆలస్యంగా నడుస్తున్న రైలు 70 కిలోమీటర్లు దాటకూడని మలుపులోకి 116తో దూసుకెళ్లి అపార్ట్‌మెంట్‌ని గుద్దింది. డ్రైవరుతో కలిపి 107 మంది పోయారు. తప్పు చేసిన డ్రైవర్లకు శిక్షణ పేరుతో వేసే శిక్ష ఉండేది, ఆ టెన్షన్ కూడా ఒక కారణమని విచారణలో తేల్చారు.

2025 జూన్‌లో ముంబై పక్కన ముంబ్రా దగ్గర లోకల్ రైళ్ల నుంచి జనం జారిపడి చనిపోయాక, మూసుకునే తలుపులు పెడతామని మన రైల్వే చెప్పింది. మంచిదే. అవి ఎంత వెడల్పు, బోగీకి ఎన్ని, స్టేషన్లో ఎంతసేపు ఆపుతారు, ఈ మూడూ మీ విలేకరులు అడగాలి. ఈసారి ఎవరినైనా టోక్యో పంపితే బుల్లెట్ రైలు తర్వాత, ముందు పొద్దున్నే ఎనిమిదింటికి కిబాలో ఎక్కమనండి. మీ పేపరు కూడా తెచ్చుకోమనండి, తెరవగలిగితే.

ఇట్లు,
ఒక పాఠకుడు, నిషికసాయి, టోక్యో