హై వెలాసిటీ .22 తూటాల గురించి మా కస్టమర్లకు

నమస్కారమండీ.

ఈమధ్య షాపుకు వచ్చే ఫోన్లలో ఒకటే మాట: "హై వెలాసిటీ .22 ఉందా? పందులకి కావాలి." అంటే మామూలుకన్నా వేగంగా పోయే చిన్న రైఫిల్ తూటా. పల్నాడు నుంచి అడుగుతున్నారు, నందిగామ, తిరువూరు వైపు నుంచీ అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు అందరికీ కలిపి రాస్తున్నాను. పంట పాడుచేసే అడవి పందుల కోసమని అడిగితే .22 తూటా మేం అమ్మం. మీ లైసెన్సు సక్రమంగా ఉన్నా సరే, అమ్మం.

మీరు ఫోన్లో చూస్తున్న వీడియోలు అమెరికావి, ఆస్ట్రేలియావి. అక్కడ పొలాల్లో బొరియలు తవ్వే ప్రెయిరీ డాగ్‌లను, కుందేళ్ళను కాల్చడానికి చట్టం ఒప్పుకుంటుంది. ఆ వేట కోసమే కంపెనీలు వేగం పెంచుకుంటూ పోయాయి. 1887 నాటి .22 ఎల్‌ఆర్ (లాంగ్ రైఫిల్, అందరూ వాడే .22 తూటా) మామూలు రకం సెకనుకు సుమారు 1,070 అడుగులు పోతుంది. హై వెలాసిటీ రకం 1,250 దాకా పోతుంది. సీసీఐ కంపెనీ స్టింగర్ తూటా పెట్టె మీద 1,640 అని ఉంటుంది. 2002లో వచ్చిన .17 హెచ్ఎంఆర్ అనే ఇంకా సన్న తూటా అయితే 2,550. అంకెలు చూస్తే మోజు పుడుతుంది, నిజమే. కానీ ఆ .17 గుండు బరువు గ్రాము కన్నా కాస్త ఎక్కువ, అంతే. మామూలు .22 గుండు రెండున్నర గ్రాములు. అవి చిన్న జంతువుల కోసం చేసిన సరుకు.

అడవి పంది భుజం దగ్గర తోలు, కండ ఎంత మందమో మీకు నేను చెప్పక్కర్లేదు. .22 తగిలితే అది అక్కడ పడదు. గాయంతో పొదల్లో దూరి రోజుల తరబడి బాధపడుతుంది. తెల్లారి పత్తి తీయడానికి వెళ్ళిన కూలీ ఆడమనిషి మీదికి వస్తుంది. ఇది తలుచుకుంటేనే నాకు ఆ అమ్మకం మనసొప్పదు.

ఇంకోటి, .22 గుండు ఒకటిన్నర మైళ్ళ దాకా పోగలదని చాలా పెట్టెల మీదే హెచ్చరిక ఉంటుంది. మన కృష్ణా డెల్టా బల్లపరుపు నేల. గుండును ఆపే గుట్ట ఉండదు, కట్ట ఉండదు. కాలువ నీళ్ళకు తగిలితే పైకి లేచి ఎటు పోతుందో చెప్పలేం.

చట్టం సంగతి క్లుప్తంగా. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం వేట నిషేధం. పంటను పాడుచేసే జంతువు విషయంలో 11వ సెక్షన్ కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ, ఆయన అధికారం ఇచ్చిన ఆఫీసరు గానీ రాతపూర్వకంగా అనుమతి ఇవ్వాలి. "ఫలానా రాష్ట్రంలో ఒప్పుకున్నారట" అంటారు. బీహార్‌లో, ఉత్తరాఖండ్‌లో కేంద్రం కొన్ని జిల్లాలకు, కొంత గడువుకు అలా ఉత్తర్వులిచ్చింది. అవి మనకు చెల్లవు. ఆయుధాల చట్టం 13వ సెక్షన్‌లో కూడా పంట కాపలాకు చెప్పింది మందు కూరే తుపాకి. అది చాలదని అధికారికి నమ్మకం కుదిరితే ఇంకో నున్నటి గొట్టం (లోపల గాడులు లేని) తుపాకి. పంట కాపలాకు రైఫిల్ మాట అందులో లేదు.

మీ నష్టం చిన్నదని నేను అనడం లేదు. మొక్కజొన్న, వేరుశనగ ఒక్క రాత్రిలో దున్నేసినట్టు అయిపోతే ఆ కడుపుమంట నాకు తెలుసు. ఫారెస్ట్ రేంజ్ ఆఫీసులో ఫొటోలతో సహా రాసి ఇవ్వండి, కాపీ మీద ముద్ర వేయించుకోండి. కంచె వేస్తే సోలార్ కంచె వేయండి. లైన్ నుంచి నేరుగా కరెంటు మాత్రం పెట్టకండి, మనుషులు పోతున్నారు.

ఇక .22 నిజంగా ఎవరికి కావాలంటే, షూటింగ్ రేంజ్‌లో ప్రాక్టీసు చేసే పిల్లలకి. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మన షూటర్ స్వప్నిల్ కుసాలే 50 మీటర్ల రైఫిల్‌లో కాంస్యం తెచ్చాక తల్లిదండ్రులు వచ్చి అడగడం పెరిగింది. సంతోషం. వాళ్ళూ "స్పీడుగా పోయేదే ఇవ్వండి" అంటారు. వద్దండీ. హై వెలాసిటీ గుండు ధ్వనికంటే వేగంగా బయల్దేరి, దాదాపు 50 మీటర్ల లోపే ధ్వని వేగం కిందికి దిగిపోతుంది. ఆ దిగే చోట గాలి దాన్ని అల్లాడిస్తుంది, గురి చెదురుతుంది. స్టాండర్డ్ వెలాసిటీ, అంటే మామూలు రకం, మొదటి నుంచీ ధ్వని వేగం లోపలే ఉంటుంది కాబట్టి ఆ గొడవ లేదు. పోటీల్లో వాడే మ్యాచ్ తూటాలు నెమ్మదిగా ఉండేది అందుకే.

బ్రాండ్ కన్నా లాట్ నంబర్ (ఒకే విడతలో తయారైన సరుకుకు వేసే నంబరు) ముఖ్యం. రెండు మూడు రకాలు కొద్దికొద్దిగా తీసుకుని, మీ రైఫిల్‌తోనే 50 మీటర్లలో కాల్చి, ఏది దగ్గర దగ్గరగా పడితే అదే లాట్‌లో మిగతావి తీసుకోండి. పక్కవాళ్ళ రైఫిల్‌కు కుదిరింది మీకు కుదరాలని లేదు.

మన ఎండల్లో తూటాల పెట్టె కారులో వదలకండి. గుండు మీద పూసిన మైనం కరిగిపోతుంది. .22 లాంటి రిమ్‌ఫైర్ తూటాల్లో (అంచు మీద కొడితే పేలేవి) మంట రాజేసే మందు అడుగు అంచు లోపల పూతలా ఉంటుంది, అందుకని మిగతా వాటికన్నా ఇవి పేలకుండా ఉండిపోవడం ఎక్కువ. అలా జరిగితే గొట్టం టార్గెట్ వైపే ఉంచి కనీసం అర నిమిషం ఆగి తెరవండి.

.22 మ్యాగ్నమ్ (ఎల్‌ఆర్ కన్నా పెద్ద తూటా) రివాల్వర్ ఉన్నవాళ్ళు గుర్తుంచుకోండి. అందులో .22 ఎల్‌ఆర్ వేయకూడదు. ఎల్‌ఆర్ తూటా సన్నం, తూటా కూర్చునే గది వదులై దాని కేసు (ఇత్తడి తొడుగు) పగులుతుంది. పాత పెట్టె ఇంట్లో ఉందని వాడేయకండి, అనుమానముంటే తీసుకురండి, చూసి చెబుతాను.

ప్రస్తుతం స్టాండర్డ్ వెలాసిటీ ఉంది. హై వెలాసిటీ కొత్తగా తెప్పించడం ఆపేశాను. వచ్చేటప్పుడు ఒరిజినల్ లైసెన్సు తేవాలి, జిరాక్స్ చెల్లదు. ఎన్ని ఇవ్వగలనన్నది అందులో రాసిన పరిమితిని బట్టే.