సప్రెసర్ కొనేముందు వీసా చూసుకోవాలి

సంపాదకులు గారికి నమస్కారములు.

అమెరికాలో పేలుడు శబ్దం తగ్గించేందుకు తుపాకి గొట్టం చివర బిగించే సప్రెసర్లపై 1934 నుంచి వసూలు చేస్తూ వచ్చిన 200 డాలర్ల సమాఖ్య పన్ను 2026 జనవరి 1న సున్నా అయింది. అప్పటి నుంచి టెక్సస్‌లో వేటకు వెళ్లే మన తెలుగువారిలో ఇప్పుడు కొనవచ్చా, అసలు కొనడం అవసరమా అన్న చర్చ ఎక్కువైంది. పన్ను పోయింది కాబట్టి అనుమతి కూడా అక్కర్లేదని కొందరు గట్టిగా నమ్ముతున్నారు. ఆ నమ్మకం వల్ల జైలుకు వెళ్లవలసి రావచ్చు, ఈ దేశంలో కట్టుకున్న బతుకే కోల్పోవలసి రావచ్చు. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందుగా నా నిర్ణయం చెబుతాను. అన్నీ ఆలోచించి నా జింకల వేట రైఫిల్‌కు సప్రెసర్ కొనాలనే అనుకుంటున్నాను. దానికి ప్రధాన కారణం చెవులు. జింకల వేటకు వాడే .308 రకం రైఫిల్ పేలినప్పుడు గొట్టం దగ్గర శబ్దం దాదాపు 165 డెసిబెల్స్ ఉంటుంది. 140 దాటిన పేలుడు ఒక్కటైనా వినికిడిని శాశ్వతంగా దెబ్బతీయగలదు, లోపలి చెవిలో చచ్చిపోయిన సూక్ష్మ రోమకణాలు మళ్లీ పుట్టవు. షూటింగ్ రేంజిలో అందరం చెవులకు శబ్దాన్ని అడ్డుకునే మఫ్‌లు పెట్టుకుంటాం. తెల్లవారుజామున మంచె మీద కూర్చున్నప్పుడు మాత్రం ఎండుటాకుల మీద గిట్టల చప్పుడు వినాలి కాబట్టి చాలామంది వాటిని మెడలోకి దించేస్తారు, తీరా జింక కనబడ్డాక తిరిగి పెట్టుకునే వ్యవధి ఉండదు. నాతో వేటకు వచ్చే పెద్దవారిలో ఎడమ చెవి సరిగా వినబడనివారు ఒకరిద్దరు కారు. కుడిభుజానికి రైఫిల్ ఆనించేవారికి గొట్టం వైపు తిరిగి ఉండేది ఆ చెవే.

సప్రెసర్ శబ్దాన్ని సుమారు 25 నుంచి 30 డెసిబెల్స్ వరకు తగ్గిస్తుంది. గొట్టం నుంచి ఒక్కసారిగా ఎగదన్నే వేడి వాయువులను లోపలి అరల్లో తిప్పి, చల్లబరిచి, నెమ్మదిగా బయటికి వదలడమే అది చేసే పని. సినిమాల్లో చూపించే మెత్తని చప్పుడు వేట రైఫిల్‌కు రాదు. తూటా సెకనుకు 800 మీటర్ల దాకా వేగంతో, అంటే ధ్వని వేగానికి రెండింతలు మించి దూసుకుపోతూ గాలిలో తెచ్చే పిడుగులాంటి చప్పుడును ఏ సప్రెసరూ ఆపలేదు. పొరుగు పొలంవారికి శబ్దం వినబడుతూనే ఉంటుంది, కానీ కిటికీలు అదరవు. తగ్గిన తరువాత కూడా అది చిన్న శబ్దమేమీ కాదు కనుక రేంజిలో మఫ్‌లు మానకూడదని నా అభిప్రాయం.

కొనేవారు తుపాకి సంగతి కూడా చూసుకోవాలి. పాత వేట రైఫిళ్లకు గొట్టం చివర మరలు ఉండవు, వాటిని తుపాకి మిస్త్రీ చేత కోయించాలి. ఆ మరలు గొట్టం రంధ్రానికి సరిగ్గా సమమధ్యంలో లేకపోతే తూటా లోపలి అరలకు తగిలి సప్రెసర్ పగిలిపోతుంది. బిగించాక గురి మారుతుంది, మళ్లీ సరిచూసుకోవాలి. తుపాకి ముందువైపు దాదాపు అరకిలో బరువు పెరుగుతుంది. ఇవన్నీ భరించదగ్గ ఇబ్బందులే.

సప్రెసర్లు అసలు ఉండకూడదనే వారి మాటను నేను తేలికగా తీసుకోను. 2019 మే 31న వర్జీనియా బీచ్‌లో పన్నెండు మందిని చంపిన వ్యక్తి తన పిస్తోలుకు సప్రెసర్ వాడాడు. ఆ కుటుంబాల ముందు నిలబడి ఇది కేవలం చెవుల రక్షణకు వాడే పరికరమని నేను అనలేను. అందుకే పన్ను పోయినా సప్రెసర్‌ను ప్రభుత్వం దగ్గర నమోదు చేయించుకోవాలన్న నియమం మిగలడం మంచిదే అనుకుంటాను, ఆ నమోదు కూడా ఎత్తేయాలనే నా తోటి వేటగాళ్లతో ఏకీభవించను.

ఆ నమోదు ఎలా జరుగుతుందో చెబుతాను. దుకాణంలో డబ్బు కట్టాక, ఆయుధాల వ్యవహారాలు చూసే సమాఖ్య సంస్థ ఏటీఎఫ్‌కు ఫారం 4 అనే దరఖాస్తు పంపాలి. దానితో వేలిముద్రలు, ఫొటో ఇవ్వాలి, ఒక ప్రతి స్థానిక పోలీసు అధికారికి వెళ్లాలి. ఆమోదం వచ్చేవరకు వస్తువు దుకాణంలోనే ఉంటుంది. ఒకప్పుడు దీనికి నెలల తరబడి పట్టేది, ఆన్‌లైన్ దరఖాస్తుల వల్ల ఇప్పుడు చాలా తగ్గింది. నమోదు లేకుండా దగ్గర ఉంచుకుంటే పదేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు. కారు ఇంధన ఫిల్టర్లని, తుపాకి శుభ్రం చేసే గొట్టాలని పేర్లు పెట్టి ఆన్‌లైన్‌లో చవకగా అమ్మే వస్తువుల జోలికి దయచేసి ఎవరూ పోవద్దు. సప్రెసర్‌గా వాడే ఉద్దేశంతో అలాంటిది తెప్పించుకోవడమే నేరం.

మనవాళ్లకు దీనికన్నా పెద్ద చిక్కు వీసా. సమాఖ్య చట్టం దృష్టిలో సప్రెసర్ ఒక్కటే విడిగా ఉన్నా అది తుపాకితో సమానం. హెచ్-1బి, ఎఫ్-1 వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారు తుపాకి గానీ తూటాలు గానీ కలిగి ఉండకూడదు. దీనికి ఉన్న కొద్ది మినహాయింపుల్లో మనవాళ్లకు ఉపయోగపడేది ఒక్కటే, చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు. టెక్సస్‌లో ఆ లైసెన్సు గడువు ఏటా ఆగస్టు 31తో ముగుస్తుంది. పునరుద్ధరించుకోవడం మరిచిపోయినవారు సెప్టెంబర్ 1 ఉదయానికి, తమ అల్మారాలోని రైఫిల్‌కు, సప్రెసర్‌కు అనర్హులైపోతారు. ఇంకొకటి. సొంతదారు అనుమతి ఉంటే ప్రైవేటు భూముల్లో అడవి పందులను లైసెన్సు లేకుండానే వేటాడవచ్చని టెక్సస్ 2019లో చట్టం మార్చింది. దాన్ని విని మన కుర్రాళ్లు లైసెన్సు తీసుకోకుండానే పందుల వేటకు వెళుతున్నారు. రాష్ట్రం అడగకపోయినా వారి చేతిలో ఆ కాగితం ఉండాలని సమాఖ్య చట్టం అంటోంది. ఈ తేడా చెప్పేవారే లేరు. తుపాకి నేరంలో శిక్ష పడితే గ్రీన్ కార్డు ఉన్నవారిని సైతం దేశం నుంచి పంపించేయవచ్చని వలస చట్టం స్పష్టంగా చెబుతోంది.

కుటుంబంలో ఎవరి పేరు మీద కొనాలన్నది కూడా ముందే ఆలోచించాలి. ఒక్కరి పేరు మీద నమోదైన సప్రెసర్‌ను ఆ వ్యక్తి లేనప్పుడు మరొకరు దగ్గర ఉంచుకోకూడదు. మనం రెండు నెలలు ఇండియాకు వెళ్తూ పెట్టె తాళాలు బావమరిదికి ఇచ్చి వెళ్లడం మామూలే, ఇక్కడ ఆ అలవాటే కేసుగా మారగలదు. హెచ్-4 (హెచ్-1బి వారి కుటుంబ సభ్యులకు ఇచ్చే వీసా) మీద ఉన్న భార్యకు వేట లైసెన్సు లేకపోతే ఆ తాళం ఆమెకూ అందకూడదు. అర్హులైన కుటుంబ సభ్యులను కలిపి ట్రస్టు పేరుతో నమోదు చేసుకుంటే ఈ ఇబ్బంది చాలావరకు తీరుతుంది, కానీ ట్రస్టులో బాధ్యులుగా చేరే ప్రతి ఒక్కరూ వేలిముద్రలు ఇవ్వవలసిందే. ఉద్యోగం మారే అవకాశం ఉన్నవారు మరీ జాగ్రత్తగా ఉండాలి. 42 రాష్ట్రాల్లో సప్రెసర్ చట్టబద్ధం, కానీ మన తెలుగువారు ఎక్కువగా ఉండే కాలిఫోర్నియా, న్యూజెర్సీ, న్యూయార్క్, ఇల్లినాయ్ రాష్ట్రాల్లో నిషిద్ధం. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉద్యోగం వచ్చిందని సామాను లారీలో ఎక్కించేటప్పుడు దీన్ని కూడా పెట్టెలో సర్దితే అది నేరమే. ఇండియాకు తీసుకువెళ్లే ఆలోచన ఎవరికీ రాకూడదు, శబ్దాన్ని తగ్గించే ఉపకరణాన్ని మన 1959 ఆయుధ చట్టం కూడా తుపాకి నిర్వచనంలోనే చేర్చింది.

అందువల్ల పౌరసత్వం గానీ గ్రీన్ కార్డు గానీ ఉండి, ఉన్న రాష్ట్రంలోనే స్థిరపడి, ఏటా వేటకు వెళ్లేవారు నిస్సంకోచంగా కొనుక్కోవచ్చని నేను చెబుతాను. తాత్కాలిక వీసా మీద ఉన్నవారికి మాత్రం, చట్టం సందు ఇచ్చినా సరే, గ్రీన్ కార్డు వచ్చేవరకు ఆగమనే నా సలహా. అంతవరకు మంచి ఎలక్ట్రానిక్ మఫ్‌లు చాలు, అవి ఆకుల చప్పుడును పెంచి వినిపిస్తాయి, పేలుడును అడ్డుకుంటాయి.

మీ పత్రిక ప్రవాసుల పేజీలో వీసా ప్రశ్నలకు నిపుణులు సమాధానాలిస్తుంటారు. ఆయుధ చట్టం, వలస చట్టం రెండూ తెలిసిన న్యాయవాది చేత ఈ విషయంపై ఒక వివరమైన వ్యాసం రాయించి, వేట లైసెన్సుల గడువు ముగిసే ఆగస్టు నెలలోపే ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
డాలస్, టెక్సస్