అడవిపంది మీద తుపాకీ ఎత్తే ముందు: కర్ణాటక అటవీ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన అటవీ, జీవావరణ, పర్యావరణ శాఖ మంత్రి గారికి,
విధాన సౌధ, బెంగళూరు.

అయ్యా,

మేము బెంగళూరులో ఉంటూ వన్యప్రాణుల వైద్యం, పంటల రక్షణ, అటవీ చట్టం రంగాల్లో పనిచేస్తున్న తెలుగువాళ్లం. బన్నేరుఘట్ట అంచు నుంచి బంగారుపేట, ముళబాగిలు, బాగేపల్లి దాకా అడవిపందుల దెబ్బకు రైతులు విసిగిపోయి ఉన్నారు. కాల్చడానికి అనుమతివ్వండి అని వాళ్లు అడుగుతున్నారు. ఆ కోపాన్ని ఆసరా చేసుకొని మరో వాదన కూడా వినిపిస్తోంది: ఆఫ్రికాలోలాగా ఫీజు కట్టించుకొని పెద్ద జంతువుల వేటకు అనుమతిస్తే ఆ డబ్బుతో అడవి బాగుపడుతుందని. ఈ రెండింటినీ ఒకే గాట కట్టొద్దని మా మనవి. రైతు అడిగేదానికి చట్టంలో ఇప్పటికే దారి ఉంది, దాన్ని సరిగా నడపండి. రెండోదాన్ని మాత్రం ఒప్పుకోకండి.

వేట వల్ల జంతువులు పెరిగిన చోట్లు ప్రపంచంలో లేవని మేము అనడం లేదు. పాకిస్తాన్ ఉత్తర లోయల్లో మార్ఖోర్ అనే కొండమేకకు అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం ఏడాదికి 12 తలల కోటా ఉంది. ఒక్కో అనుమతి లక్ష డాలర్లకు పైగా పలుకుతుంది, అందులో 80 శాతం ఆ లోయ గ్రామాలకే చేరుతుంది. కాల్చేది కొమ్ములు బాగా పెరిగిన ముసలి మగవాటినే. 2015లో ఆ జంతువును అంతరించే ప్రమాదమున్న జాబితా నుంచి అంతకంటే సురక్షితమైన వర్గంలోకి మార్చారు. నమీబియా 1996 చట్టంతో వన్యప్రాణుల మీద హక్కును, ఆదాయాన్ని గ్రామ సంఘాలకే ఇచ్చింది. ఈ రెండు చోట్లా జంతువును కాపాడింది తుపాకీ కాదు. బతికున్న జంతువు వల్ల తమ ఇంటికి డబ్బొస్తుందని గ్రామానికి కుదిరిన నమ్మకమే దాన్ని కాపాడింది. జింబాబ్వేలో 1989లో మొదలైన ఇలాంటి పథకంలో డబ్బు చాలాచోట్ల జిల్లా కౌన్సిళ్ల దగ్గరే ఆగిపోయి, ఊళ్లకు చిల్లర మాత్రమే అందింది. మన దగ్గర అడవి ప్రభుత్వానిది, జంతువు ప్రభుత్వానిది. ఫీజు వసూలైతే అది ఖజానాకు పోతుంది, పంట పోగొట్టుకున్న రైతు గడప దాకా రాదు.

ఇంతకంటే పెద్ద చిక్కు జంతువుల బతుకు తీరులోనే ఉంది. కొమ్ము, దంతం, జూలు చూసి ఎంచుకునే వేటగాడు ఆ గుంపులో అత్యవసరమైన మగజంతువునే ఎత్తుకుపోతాడు. ఒక ప్రాంతాన్ని ఏలుతున్న మగ సింహం చస్తే కొత్తగా వచ్చిన మగది పాత పిల్లల్ని చంపేస్తుంది. అందుకే టాంజానియా ఆరేళ్ల లోపు సింహాన్ని కాల్చకూడదని నియమం పెట్టుకుంది. పులి, చిరుతల్లోనూ ఇదే జరుగుతుంది. దక్షిణాఫ్రికా పిలనెస్‌బర్గ్‌లో పెద్ద మగ ఏనుగులు లేకుండా పెరిగిన కుర్ర ఏనుగులు 1990లలో ఖడ్గమృగాల్ని పొడిచి చంపాయి. 1998లో క్రూగర్ పార్కు నుంచి పెద్ద మగవాటిని తెచ్చి వదిలాకే ఆ చావులు ఆగాయి. మన ఆసియా ఏనుగుల్లో దంతాలుండేది మగవాటికే, అదీ అన్నిటికీ కాదు. దంతం కోసం ఎంచి చంపితే ఏమవుతుందో కేరళ పెరియార్ చూపించింది. 1980ల చివరికి అక్కడ వందకు పైగా ఆడ ఏనుగులకు ఒక మగ ఏనుగు మిగిలింది. 2023 లెక్కల్లో 6,395 ఏనుగులున్న రాష్ట్రం మనది. ఆ ప్రయోగం ఇక్కడ చేయొద్దు.

మన చట్టమూ ఆ దారిలో నడిచి వెనక్కి వచ్చినదే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదట పెద్ద జంతువుల వేటకు, చిన్న జంతువుల వేటకు వేర్వేరు లైసెన్సులు ఉండేవి. 1991 సవరణతో వాటిని తీసేశారు. ఇప్పుడు మిగిలింది 11వ సెక్షన్. 2022 సవరణ తర్వాత అడవిపంది రెండో షెడ్యూల్లో, అంటే మొదటి షెడ్యూల్ కంటే కాస్త తక్కువ రక్షణ ఉన్న జంతువుల జాబితాలో, ఉంది. మనిషి ప్రాణానికో, ఆస్తికో, నిలబడి ఉన్న పంటకో ముప్పైతే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ ఆయన అధికారమిచ్చిన అధికారి గానీ కారణం రాసి అనుమతి ఇవ్వవచ్చు. 62వ సెక్షన్ కింద కేంద్రం పందిని ఉపద్రవ జంతువుగా ప్రకటించాలని కొందరు కోరుతున్నారు. అలా ప్రకటిస్తే ఎవరు, ఎక్కడ, దేనితో చంపారో అడిగే నాథుడు ఉండడు. బిహార్‌లో నీలగాయి అనే పెద్ద జింకజాతి జంతువును అలా ప్రకటించాక 2016 జూన్‌లో మోకామా దగ్గర కొద్ది రోజుల్లోనే 200కు పైగా కాల్చేశారు. హైదరాబాద్ నుంచి వెళ్లిన షూటర్లే ఆ పని చేశారు. ఆ దారి మనకు వద్దు. 11వ సెక్షన్ చాలు, అయితే దాన్ని నడిపే పద్ధతి రాతపూర్వకంగా ఉండాలి.

పంది సంగతి తెలియకుండా ఆ పద్ధతి రాయలేం. ఆడపంది ఏడాది నిండేసరికే ఈనడానికి సిద్ధమవుతుంది. గర్భం నాలుగు నెలలకు కాస్త తక్కువ, కాన్పుకు సాధారణంగా నాలుగు నుంచి ఆరు పిల్లలు. గుంపు పెద్ద ఆడపంది వెంట నడుస్తుంది, పెద్ద మగపంది ఒంటరిగా తిరుగుతుంది. కోరలు చూసి ఒంటరి మగదాన్ని కాలిస్తే మందలో ఒక్క పిల్ల కూడా తగ్గదు, మిగిలిన మగదొకటి ఆ పని చూసుకుంటుంది. పెద్ద ఆడదాన్ని కాలిస్తే గుంపు చెదిరి నాలుగు పొలాల మీద పడుతుంది. అందుకని ముందు తీయాల్సింది ఏడాది లోపు పిల్లల్ని, కుర్ర పందుల్ని. పాలిచ్చే ఆడదాని జోలికి పోకూడదు. తిండి పుష్కలంగా ఉన్న చోట ఏటా సగానికి పైగా తీయకపోతే సంఖ్య తగ్గదని ఐరోపా అనుభవం. ఊరికి రెండో మూడో కాల్చి ఫోటో దిగితే కోపం చల్లారుతుందేమో గానీ పంట మిగలదు.

కోలారు వైపు పందులన్నీ అడవిలోంచి వస్తున్నాయనుకోవడం పొరపాటు. చెరువు కడుపులో, కాలువ గట్టు మీద పెరిగిన సర్కారు తుమ్మ పొదల్లో అవి పగలంతా పడుకుంటాయి. 2018 నుంచి కె.సి. వ్యాలీ పథకం కింద బెంగళూరు నుంచి వస్తున్న శుద్ధి చేసిన మురుగునీళ్లతో చాలా చెరువులు నిండుతున్నాయి. పక్కనే నీడ, పక్కనే నీరు, గట్టు దిగితే వేరుశనగ. ఆ తుమ్మ కొట్టించకుండా తుపాకీ పట్టుకుంటే ఆ పని ఎన్నటికీ పూర్తికాదు.

అనుమతి ఇచ్చే విధానం గురించి మా సూచనలు ఇవి. రైతు ఫిర్యాదు చేసిన 24 గంటల్లో ఫారెస్టర్ పొలానికి వెళ్లి అడుగుజాడలు, తవ్విన నేల చూసి, ట్రాప్ కెమెరా కట్టి, గుంపులో ఎన్ని ఉన్నాయో, వాటిలో పాలిచ్చేవి ఎన్నో రాయాలి. అనుమతి ఫలానా సర్వే నంబరుకు, ఫలానా షూటర్‌కు, పదిహేను రోజులకు మించకుండా ఉండాలి. తమిళనాడు 2025 జనవరిలో రిజర్వు ఫారెస్టు హద్దుకు మూడు కిలోమీటర్లు దాటాకే, అదీ అటవీ సిబ్బందే కాల్చాలని నియమం పెట్టింది. ఆ దూరం ఇక్కడా ఉంచండి. బంగారుపేట, కామసముద్రం వైపు ఆ రాత్రి ఏనుగులు తిరుగుతున్నాయన్న కబురు ఉంటే తుపాకీ తీయకూడదు. చీకట్లో పేలుడు విన్న ఏనుగుల గుంపు ఎటు పరుగెడుతుందో ఎవరూ చెప్పలేరు.

తుపాకీ విషయం మరింత గట్టిగా చెప్పాలి. ఊళ్లలో ఎక్కువగా ఉండేవి ముందు నుంచి మందు దట్టించే ఒంటి గొట్టం నాటు తుపాకులు, పన్నెండు బోరు తుపాకులు. పిట్టల గుండ్లతో పందిని కొడితే అది గాయంతో పారిపోయి పొదలో కుళ్లి చస్తుంది, లేదా తెల్లారి గడ్డికి వెళ్లిన మనిషి మీద పడుతుంది. పన్నెండు బోరుకు ఎస్‌జీ అనే పెద్ద గుండ్లే వాడాలి, అదీ 35 మీటర్ల లోపే. .315 రైఫిల్ గుండు గురి తప్పితే కిలోమీటర్లు దూసుకుపోతుంది కాబట్టి మంచె మీద నుంచి కిందికి మాత్రమే కాల్చాలి, గుండు నేలలో దిగేటట్టు. దెబ్బ తగిలిన పందిని వెంటనే వెంబడించకుండా కనీసం అరగంట ఆగి, ఇద్దరికి తగ్గకుండా నెత్తుటి జాడ వెంట వెళ్లాలి. ఎన్నికల కోడ్ వచ్చినప్పుడు లైసెన్సు తుపాకుల్ని పోలీసు స్టేషన్లో అప్పగించమని చాలామందిని అడుగుతారు. పంట కాయ పట్టే వేళకు అది వస్తే అనుమతి కాగితం ఉన్నా లేనట్టే. అందుకే డివిజనుకొక శిక్షణ పొందిన బృందం శాఖలోనే ఉండాలి. కేరళ 2022లో పంచాయతీలకు అధికారం ఇచ్చినా చాలాచోట్ల కాల్చే మనిషి దొరకక ఉత్తర్వు కాగితం మీదే ఉండిపోయింది.

చచ్చిన పంది చట్టప్రకారం ప్రభుత్వ ఆస్తి. దాని మాంసానికి ఊళ్లో ధర పలికిన రోజు పంటనష్టం ఒక సాకుగా మారిపోతుంది. పైగా 2023 జనవరిలో తమిళనాడు ముదుమలై అడవిలో చచ్చిన అడవిపందుల్లో ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ అనే పందుల వైరస్ జబ్బు బయటపడింది. అది మనిషికి సోకదు గానీ మాంసంలో చాలాకాలం నిలుస్తుంది, పెంపుడు పందుల కొట్టాల్ని ఊడ్చేస్తుంది. రెండు మీటర్ల గోతిలో సున్నం చల్లి పూడ్చాలి. ఆ జేసీబీ ఖర్చు పంచాయతీది అని ముందే రాయకపోతే కళేబరం కాలువ పాలవుతుంది. సీసపు గుండు ముక్కలున్న కళేబరాన్ని బయట వదిలేస్తే తిన్న రాబందు చస్తుంది. రామనగర రామదేవర బెట్టలో మిగిలిన రాబందులే చాలా తక్కువ.

ఇన్ని షరతులు ఎందుకంటే, ఇప్పుడు పందికని పెడుతున్నవి క్లచ్ వైరు ఉచ్చులు, పండులో దాచిన నాటు బాంబులు, 11 కేవీ లైను నుంచి కొక్కెం వేసి లాగిన కరెంటు తీగలు. వాటిలో పడేది పందులొక్కటే కాదు. చిరుతలు, ఎలుగులు, ఏనుగులు, ఒక్కోసారి పొలం యజమాని కూడా. పంది పిల్లల్ని ఏరుకు తినే చిరుత ఉచ్చులో చస్తే ఆ సంవత్సరం పందులు ఇంకా పెరుగుతాయి. అందుకే ఉచ్చులు ఏరే పని తుపాకీ కంటే ముందు జరగాలి. అలాగే వేరుశనగ పొలానికి మూడు తీగల సోలార్ కంచెకు సబ్సిడీ ఇవ్వండి. మొదటి తీగ నేలకు 20 సెంటీమీటర్ల ఎత్తు దాటకూడదు, దాటితే పంది ముట్టెతో ఎత్తి దూరుతుంది. కోలారు ఎర్రనేల ఎండితే ఎర్తింగ్ పనిచేయదు కాబట్టి మూడు ఎర్త్ రాడ్లు లోతుగా దించి నీళ్లు పోస్తుండాలి. తీగకు గడ్డి తాకితే షాక్ నేలలోకి పోతుంది. కంచె పెట్టాక పాడయ్యేది చాలావరకు ఈ రెండు కారణాల వల్లే.

వానాకాలం వేరుశనగ ఆగస్టు, సెప్టెంబరుల్లో కాయ పడుతుంది. అంతకు ముందే ఉత్తర్వు వచ్చేలా చూడండి. ఇచ్చిన ప్రతి అనుమతినీ, పూడ్చిన ప్రతి పందినీ, దాని వయసు, ఆడ మగ వివరంతో తాలూకా వారీగా ప్రజల ముందు పెట్టండి. ఉచ్చులో పడింది చిరుత అయితే పెట్టినవాడికి మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల దాకా జైలు ఉందన్న సంగతి చాలామందికి తెలియదు. సరిహద్దు తాలూకాల పంచాయతీ గోడల మీద ఆ నోటీసు కన్నడంతో పాటు తెలుగులోనూ అతికించండి. తెలుగు పాఠం రాసిపెట్టే పని మేము చేస్తాము.

ఇట్లు,
బెంగళూరులో వన్యప్రాణుల పనిలో, పంటల రక్షణలో ఉన్న తెలుగువాళ్లం